నెల్సన్ అన్నండేల్

థామస్ నెల్సన్ అన్నండేల్ (జూన్ 15, 1876 - ఏప్రిల్ 10, 1924) స్కాట్లండు దేశానికి చెందిన ప్రముఖ జంతు శాస్త్రవేత్త, మానవ శాస్త్రవేత్త. భారతీయ జంతు సర్వేక్షణ సంస్థకు ఈయన వ్యవస్థాపకుడు, ప్రథమ సంచాలకుడు. మంచినీటి తాబేళ్ళు, స్పంజికలు, నత్తలు, కప్పలు, బల్లులు మొదలగు ప్రాణులను గురించి విస్తారంగా పరిశోధించాడు. చనిపోయి సీసాలోకి చేరిన నమూనాకు పేరు పెట్టడంతో జంతు శాస్త్రం ముగియదని, ఆ ప్రాణి బ్రతికిన నీటిని, ఆ నీటిలో దాని నడవడిని కూడా తెలుసుకోవాలని పట్టుబట్టినవారిలో ఈయన ముఖ్యుడు. నాటి మద్రాసు రాష్ట్రపు గంజాం జిల్లాలో ఉండిన చిలికా సరస్సు దక్షిణ భాగం ఈయన కార్యక్షేత్రాలలో ఒకటి. నేటి శ్రీకాకుళం, టెక్కలి, ఇచ్ఛాపురం ప్రాంతాలు ఆ రోజులలో అదే గంజాం జిల్లాలో ఉండేవి.

బాల్యము, విద్యాభ్యాసము

అన్నండేల్ ఎడింబరో నగరంలో జన్మించాడు. తండ్రి థామస్ అన్నండేల్ ఎడింబరో విశ్వవిద్యాలయంలో శస్త్రచికిత్సా శాస్త్రానికి ఆచార్యుడు. తల్లి ఎవెలిన్ ప్రసిద్ధ పుస్తక ప్రచురణకర్త విలియం నెల్సన్ కుమార్తె. ఆ ఇంటిపేరే ఈయన పేరులో చేరింది. రగ్బీ పాఠశాలలో, తరువాత ఆక్స్‌ఫర్డులోని బేలియల్ కళాశాలలో చదివాడు. ఆక్స్‌ఫర్డులో జంతు శాస్త్రవేత్త రే లాంకెస్టర్, మానవ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ టైలర్ ల ప్రభావం ఈయనపై పడింది. ఒకవైపు జంతువులు, మరొకవైపు మనుషుల ఆచారాలు, నమ్మకాలు - ఈ రెండు ఆసక్తులూ ఈయనను జీవితాంతం విడువలేదు. ఆలయ పుష్కరిణులలోని తాబేళ్ళపై ఈయన వ్రాసిన వ్యాసం ఈ రెండింటి కలయికకు మంచి ఉదాహరణ.

విద్యార్థి దశలోనూ, ఆ తరువాతనూ ఐస్‌లాండు, ఫారో దీవులకు ప్రయాణాలు చేసి, అక్కడి ప్రజల జీవనాన్ని వర్ణిస్తూ 1905లో ఒక పుస్తకం ప్రచురించాడు. అదే సంవత్సరం ఎడింబరో విశ్వవిద్యాలయం ఈయనకు డాక్టరు పట్టాను ఇచ్చింది.

మలయా యాత్రలు

1899లో స్కీట్ నాయకత్వంలో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం పంపిన బృందంతో కలసి అన్నండేల్ మలయా ద్వీపకల్పానికి వెళ్ళాడు. 1901లో హెర్బర్ట్ రాబిన్‌సన్‌తో కలసి మరల అక్కడికే వెళ్ళి, పటానీ మొదలగు ప్రాంతాలలో జంతువులను, మానవ శాస్త్ర సంబంధమైన సమాచారాన్ని సేకరించాడు. ఈ యాత్రల ఫలితాలు ఫాసిక్యులి మలయెన్సెస్ అనే సంపుటాలుగా వెలువడ్డాయి.

ఆ సేకరణలో ఒక పెద్ద నీటి తాబేలు ఉన్నది. తలపై పసుపు రంగు కలిగిన ఈ తాబేలును లండనులోని బ్రిటిష్ మ్యూజియంకు చెందిన జార్జి బౌలెంజర్ 1903లో కొత్త జాతిగా వర్ణించి, సేకరించినవాని పేరుమీద అన్నండేలి అని నామకరణం చేశాడు. దీని నేటి శాస్త్రీయ నామం హియోసెమిస్ అన్నండేలి. థాయిలాండు దేశంలో భక్తులు దీనిని బౌద్ధాలయాల కొలనులలో విడిచిపెట్టడం ఆచారం. అందువలన దీనికి ఆలయ తాబేలు అనే వాడుక పేరు వచ్చింది. దేవాలయపు కోనేటి తాబేళ్ళతో అన్నండేల్‌కు గల సంబంధం ఈ విధంగా ఆయన భారతదేశానికి రాకపూర్వమే మొదలైనదని చెప్పవచ్చు.

కలకత్తా మ్యూజియంలో

1904లో అన్నండేల్ కలకత్తాలోని ఇండియన్ మ్యూజియంలో డిప్యూటీ సూపరింటెండెంటుగా చేరాడు. అప్పటి సూపరింటెండెంటు ఆల్‌ఫ్రెడ్ ఆల్కాక్ సముద్ర జీవులను పరిశోధించినవాడు. ఆల్కాక్ వెళ్ళిపోయిన తరువాత 1907లో ఆ పదవి అన్నండేల్‌కు దక్కింది. ఆ మ్యూజియం 1814లో ఏషియాటిక్ సొసైటీ ఆధ్వర్యంలో ప్రారంభమైనది. అప్పటికి దాదాపు వంద సంవత్సరాలుగా పోగుపడిన నమూనాలు అందులో ఉన్నాయి. కాని వాటిని పరిశీలించేవారు అతి స్వల్పం. భారతదేశపు జంతువులను గురించి వ్రాయదలచినవారు వాటిని లండనుకో, మరొక యూరోపు నగరానికో పంపి, అక్కడి పండితుల నిర్ణయం కోసం ఎదురుచూడవలసి వచ్చేది.

ఈ పరిస్థితిని మార్చడానికి అన్నండేల్ చేసిన మొదటి పని పత్రికలను స్థాపించడం. 1907లో మ్యూజియం తరపున రికార్డ్స్, మెమాయిర్స్ అనే రెండు శాస్త్ర పత్రికలు ప్రారంభమయ్యాయి. చిన్న వ్యాసాలు మొదటిదానిలోను, చిత్రాలతో కూడిన పెద్ద గ్రంథాలు రెండవదానిలోను వెలువడేవి. చిత్రాలను గీసినవారు మ్యూజియంలో పనిచేసే భారతీయ చిత్రకారులే. బ్రతికి ఉన్న ప్రాణిని చూసి గీసిన రంగుల చిత్రానికి అన్నండేల్ చాలా విలువ ఇచ్చేవాడు. సారాయిలో పడిన కొద్ది రోజులకే తాబేలు రంగు, కప్ప రంగు మారిపోతాయి గనుక ఈ పట్టుదల అవసరమైనదే.

1911లో బ్రిటిష్ ఇండియా జంతుజాలం గ్రంథమాలలో మంచినీటి స్పంజికలు, హైడ్రాలు, పాలిజోవా జీవులపై ఈయన వ్రాసిన సంపుటం వెలువడింది. చెరువులోని కలప ముక్కలకు, రాతి మెట్లకు అంటుకొని పెరిగే ఈ ప్రాణులను అంతకుముందు పట్టించుకున్నవారు మనదేశంలో అరుదు.

తాబేళ్ళపై పరిశోధన

భారతదేశపు నీటి తాబేళ్ళను గురించి అన్నండేల్ వ్రాసిన వ్యాసాలలో ముఖ్యమైనవి 1912 నుండి 1915 వరకు వెలువడ్డాయి. 1912లో మెత్తని డిప్ప గల తాబేళ్ళ కుటుంబం గురించి, 1913లో ఇతర తాబేళ్ళ గురించి వ్రాశాడు. మహానది, దాని ఉపనదుల తాబేళ్ళ గురించి కూడా వ్రాశాడు.

మెత్తని డిప్ప గల తాబేళ్ళను పోల్చుకోవడం ఎప్పుడూ కష్టమే. గట్టి డిప్ప గల తాబేళ్ళకు వీపుపై పలకలు ఉంటాయి. ఆ పలకల సంఖ్యను, ఆకారాన్ని బట్టి జాతిని తేల్చవచ్చు. మెత్తని డిప్పపై అటువంటి పలకలు ఉండవు. ఎముకపై తోలు మాత్రమే ఉంటుంది. పైగా పిల్ల తాబేలు వీపుపై కన్నుల వంటి గుండ్రని మచ్చలు ఉండి, వయసు పెరిగేకొలది అవి మాసిపోతాయి. వయసుతో మారే ఈ రంగుల వలన 19వ శతాబ్దంలో ఒకే జాతి తాబేలుకు రెండు మూడు పేర్లు పెట్టిన సందర్భాలు ఉన్నాయి. అన్నండేల్ రంగులను మాత్రమే నమ్ముకొనక పుర్రెను, డిప్పలోని ఎముకలను పోల్చి చూశాడు. వయసు వలన కలిగే భేదం ఏది, ప్రాంతం వలన కలిగే భేదం ఏది అని విడదీయడానికి ప్రయత్నించాడు. మహానదిలోని పెద్ద మెత్తడిప్ప తాబేలు గంగానది తాబేలుకు ఉపజాతి అని భావించి దానికి మహానది పేరే పెట్టాడు.

మన చెరువులలో అందరికీ తెలిసిన చిన్న మెత్తడిప్ప తాబేలు కూడా ఈ పరిశోధనలో భాగమే. దీని నేటి శాస్త్రీయ నామం లిస్సెమిస్ పంక్టేటా. అన్నండేల్ కాలంలో ఇది ఎమిడా అనే ప్రజాతిలో ఉండేది. దీని పొట్ట డిప్ప వెనుక భాగాన రెండు మూతల వంటి చర్మపు రెక్కలు ఉంటాయి. కాళ్ళు లోపలికి ముడుచుకున్నప్పుడు ఈ రెక్కలు తలుపుల వలె మూసుకుంటాయి. ఉత్తర భారతంలోని తాబేళ్ళకు వీపుపై పసుపు మచ్చలు స్పష్టంగా ఉంటాయి, దక్షిణాదివాటికి అవి ఉండవు లేదా చాలా మసకగా ఉంటాయి. ఈ రెండింటికీ మధ్యస్థంగా కనిపించిన ఛోటానాగపూర్ ప్రాంతపు తాబేలును అన్నండేల్ 1912లో ప్రత్యేక ఉపజాతిగా గుర్తించి ఇంటర్మీడియా అన్నాడు. ఈ పేరు నేడు వాడుకలో లేదు. అయినప్పటికీ ఉత్తరాది, దక్షిణాది రూపాలు ఎక్కడ కలుస్తాయి అన్న ప్రశ్న మాత్రం అప్పటినుండి తాబేళ్ళ వర్గీకరణలో నిలిచిపోయి, ఇటీవలి జన్యు పరీక్షల వరకు కొనసాగింది.

విజయనగరం జిల్లాలో రామతీర్థం వంటి పల్లెపట్టుల చుట్టూ ఉండే వరిమళ్ళు, చెరువులు, కాలువలు ఈ తాబేలుకు అనువైన నివాసాలు. నత్తలు, కప్పలు, చేపలు, నీటి మొక్కలు, చచ్చిన జీవాల మాంసం - ఏది దొరికితే అది తింటుంది. వేసవిలో చెరువు ఎండిపోయినప్పుడు బురదలోకి దూరి వానలు పడేవరకు కదలక ఉండగలదు. చెరువు పూడిక తీసేటప్పుడు పలుగుకు తగిలే తాబేలు సాధారణంగా ఇదే.

పుష్కరిణులు, పూజలు

1914లో ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అన్నండేల్, ప్రసిద్ధ సంస్కృత పండితుడు మహామహోపాధ్యాయ హరప్రసాద శాస్త్రి కలసి ఒక వ్యాసం ప్రచురించారు. భారతదేశంలోను, బర్మాలోను మెత్తడిప్ప తాబేళ్ళను ఆరాధించే ఆచారాల అవశేషాలే దీని విషయం. జంతు శాస్త్రవేత్త, సంస్కృత పండితుడు కలసి ఒక తాబేలును గురించి వ్రాయడం ఆ రోజులలోనే కాదు, ఈ రోజులలో కూడా అరుదైన విషయమే.

ఇటువంటి ఆరాధనలలో ప్రసిద్ధమైనది చిట్టగాంగు వద్ద బాయజీద్ బోస్తామి దర్గా కోనేటిలోని నల్ల తాబేళ్ళది. ఆ తాబేళ్ళను 1875లో జాన్ ఆండర్సన్ ప్రత్యేక జాతిగా వర్ణించాడు. ఆండర్సన్ ఇండియన్ మ్యూజియం తొలి సూపరింటెండెంటు. ఆ దర్గా కోనేటిలో తప్ప మరెక్కడా ఈ జాతి లేదని చిరకాలం భావించారు. 2002లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దీనిని స్వేచ్ఛా ప్రకృతిలో అంతరించిన జాతిగా ప్రకటించింది. తరువాత అస్సాంలోని ఆలయ కోనేళ్ళలో, నదులలో కూడా ఇవి కనిపించడంతో 2021లో ఆ నిర్ణయం మారి, అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. భక్తులు వేసే అరటిపళ్ళు, రొట్టెలు, మాంసం ముక్కలు ఒక జాతిని నిలబెట్టిన అరుదైన ఉదాహరణ ఇది.

బెంగాల్‌లో ధర్మఠాకూరు అనే గ్రామదేవతను తాబేలు ఆకారంలో పూజించడం ఉన్నది. ఈ ఆరాధన బౌద్ధమతపు అవశేషమని హరప్రసాద శాస్త్రి సిద్ధాంతం. దీనిని తరువాతి పండితులు అందరూ అంగీకరించలేదు.

ఆంధ్ర పాఠకునికి ఈ సందర్భంలో శ్రీకూర్మం గుర్తుకు రావడం సహజం. శ్రీకాకుళం సమీపంలోని ఈ క్షేత్రంలో విష్ణుమూర్తి కూర్మావతారంలో, తాబేలు ఆకారపు శిలారూపంలో పూజలందుకుంటున్నాడు. ఆలయం వద్ద శ్వేత పుష్కరిణి ఉన్నది. అయితే ఆలయ ప్రాంగణంలో పెంచుతున్నవి నీటి తాబేళ్ళు కావు, నక్షత్ర తాబేళ్ళు. ఇవి మెట్టభూములలో జీవించేవి, నీటిలో ఈదలేవు. కూర్మం అనగానే నీటిలో మందర పర్వతాన్ని మోసిన రూపం మనసులో మెదులుతుంది కనుక ఈ భేదాన్ని చాలామంది గమనించరు.

నీటి తాబేళ్ళు జతకట్టే విధానము

అన్నండేల్ కాలంలో తాబేళ్ళ ఆడ, మగ భేదాలను ప్రధానంగా కొలతల ద్వారా గుర్తించేవారు. నీటి తాబేళ్ళలో చాలా జాతులలో ఆడది పెద్దది, మగది చిన్నది. మగదాని తోక పొడవుగా, మొదట లావుగా ఉంటుంది. కొన్ని జాతులలో జత కట్టే కాలంలో మగదాని రంగు కూడా మారుతుంది. ఉత్తర భారత నదులలోని బటగూర్ కచూగా అనే తాబేలులో ఆ కాలంలో మగదాని తల ఎర్రబడుతుంది. సుందరవనాలలోని బటగూర్ బాస్కాలో తల, మెడ నల్లబడతాయి. ఇది తెలియని వానికి ఒకే నదిలో పట్టిన రెండు తాబేళ్ళు రెండు జాతులుగా తోచడంలో ఆశ్చర్యం లేదు. అందుచేతనే ఈ ప్రాణులను బ్రతికి ఉండగా, ఏడాది పొడుగునా గమనించవలసిన అవసరం ఏర్పడింది.

రెక్కల మెత్తడిప్ప తాబేలు జతకట్టే విధానాన్ని జమ్మూ విశ్వవిద్యాలయానికి చెందిన దూడా, గుప్తా అనే శాస్త్రజ్ఞులు 1981లో వివరంగా ప్రచురించారు. అన్నండేల్ వ్యాసాలకు ఇది సుమారు 70 సంవత్సరాల తరువాతి మాట. దీని ప్రకారం మగ తాబేలు మెడను బాగా చాచి ఆడదానిని సమీపిస్తుంది. తన గడ్డముతో ఆడదాని వీపు డిప్పను నిమురుతుంది. ఆడది అంగీకరిస్తే అది కూడా మెడను చాస్తుంది. అప్పుడు రెండూ ఎదురెదురుగా నిలిచి తలలను పైకి క్రిందికి మూడు నాలుగు సార్లు ఊపుతాయి. పిమ్మట ఆడది అడుగున కదలక కూర్చుంటుంది, మగది దానిపైకి ఎక్కుతుంది. కలయిక చివరి దశలో మగది పట్టు వదలి వెనుకకు తిరుగుతుంది. రెండూ వ్యతిరేక దిశలలోకి ముఖాలు పెట్టి ఉన్న ఆ స్థితిలో ఆడది మగదానిని సుమారు 15 నిమిషాల వరకు ఈడ్చుకొనిపోవచ్చు. ఆ తరువాతనే విడిపోతాయి.

చెరువు గట్టున నిలబడి చూసేవానికి ఈ తలల ఊపు, ఈ ఈడ్పు రెండు తాబేళ్ళ పోట్లాటగా కనిపించవచ్చు. పాముల విషయంలో దీనికి సరిగా వ్యతిరేకమైన పొరపాటు మన పల్లెలలో ఉన్నది. రెండు మగ జెర్రిపోతులు పెనవేసుకొని పోట్లాడుకుంటుంటే జనం వాటిని జంటగా భావించి, పైన తెల్లబట్ట కప్పితే మేలు జరుగుతుందని నమ్ముతారు. రెండు సందర్భాలలోను తేడాను తేల్చేది ఓపికతో చేసిన పరిశీలనే.

తాబేళ్ళలో ఈ ప్రణయ విధానం జాతికొక తీరుగా ఉంటుంది. అమెరికాకు చెందిన ఎర్ర చెవుల తాబేలులో మగదానికి ముందు కాళ్ళ గోళ్ళు చాలా పొడవు. అది ఆడదాని ముందు వెనుకకు ఈదుతూ ఆ గోళ్ళను దాని ముఖానికి ఇరువైపులా వేగంగా వణికిస్తుంది. ఈ తాబేలును ఇటీవలి దశాబ్దాలలో మన దేశంలో అక్వేరియం దుకాణాలలో అమ్మడం, విసుగు పుట్టినవారు చెరువులలో వదలడం జరుగుతున్నది. మన తాబేళ్ళకు ఇది పోటీగా మారగలదని శాస్త్రజ్ఞుల భయం.

కలయిక తరువాత ఆడ తాబేలు శరీరంలో వీర్యకణాలు చాలాకాలం బ్రతికి ఉండగలవు. కావున జత కట్టిన రోజుకు, గుడ్లు పెట్టే రోజుకు మధ్య నెలల తేడా ఉండవచ్చు. ఆడది ఒడ్డుకు వచ్చి, వెనుక కాళ్ళతో మట్టిలో గుంట తవ్వి, గుండ్రని తెల్లని గుడ్లు పెట్టి పూడ్చి వెళ్ళిపోతుంది. నీటి తాబేలు జీవితంలో నేల తప్పనిసరి అయ్యే ఘట్టం ఇదే. చెరువు గట్టుకు చుట్టూ సిమెంటు కట్టడం, కోనేటికి నిలువు గోడలు కట్టడం వలన ఈ ఘట్టానికి చోటు లేకుండా పోతుంది. అటువంటి కోనేటిలో ముసలి తాబేళ్ళు ఏళ్ళ తరబడి బ్రతకవచ్చు, పిల్లలు మాత్రం పుట్టవు.

రెక్కల మెత్తడిప్ప తాబేలును 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. దీనిని పట్టడం, అమ్మడం, ఇంట పెంచడం నేరం. పులికి ఉన్న రక్షణే చట్టరీత్యా దీనికీ ఉన్నది. అయినా మాంసం కోసం దీనిని పట్టి రైళ్ళలో, లారీలలో తూర్పు దిక్కుకు రవాణా చేయడం ఆగలేదు.

చిలికా సరస్సు

1914 ప్రాంతంలో అన్నండేల్, ఆయన సహచరుడు స్టాన్లీ కెంప్ చిలికా సరస్సు సర్వేను చేపట్టారు. ఆ కాలంలో సరస్సు ఉత్తర భాగం బీహారు-ఒరిస్సా రాష్ట్రంలోని పూరీ జిల్లాలోను, దక్షిణ భాగం మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలోను ఉండేవి. వానాకాలంలో నదుల వరదతో సరస్సు చాలావరకు మంచినీటిమయం అవుతుంది. వేసవిలో సముద్రపు ఉప్పు లోపలికి వ్యాపిస్తుంది. ఒకే చోట ఏడాదిలో రెండు రకాల నీరు వస్తే అందులోని ప్రాణులు ఏమవుతాయి, ఏవి వెళ్ళిపోతాయి, ఏవి ఓర్చుకుంటాయి అన్నదే అన్నండేల్‌ను ఆకర్షించిన ప్రశ్న. అందువలన వేర్వేరు ఋతువులలో అవే స్థలాలకు మరల మరల వెళ్ళి నీటి ఉప్పదనాన్ని కొలిచి, వలలు వేసి చూశారు. చిలికా సరస్సు జంతుజాలం అనే పేరుతో మెమాయిర్స్ ఐదవ సంపుటంలో 1915 నుండి ఈ ఫలితాలు ప్రచురితమయ్యాయి. నేడు పర్యాటకులను ఆకర్షిస్తున్న ఇరావతి డాల్ఫినులను గురించి కూడా అందులో ఉన్నది.

సరస్సు దక్షిణ భాగంలో, గంజాం వైపున, బర్కుడా అనే చిన్న దీవి ఉన్నది. ఈ దీవిలో దొరికిన కాళ్ళు లేని ఒక బల్లిని అన్నండేల్ 1917లో బర్కుడియా ఇన్సులారిస్ అని వర్ణించాడు. వానపామును తలపించే ఈ ప్రాణి మట్టిలో దూరి జీవిస్తుంది. ఇది ఆ దీవికే ప్రత్యేకమని అప్పటిలో తోచింది. కాని 1950ల తొలినాళ్ళలో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు శాస్త్రజ్ఞులు వాల్తేరులో ఇదే ప్రజాతి బల్లిని గుర్తించారు. విశేషమేమంటే విశాఖపట్నపు బల్లి అంతకు 150 సంవత్సరాల ముందే శాస్త్రజ్ఞుల దృష్టికి వచ్చింది. 1796లో పాట్రిక్ రస్సెల్ తన పాముల గ్రంథంలో దీనిని చిత్రించాడు, 1801లో ష్నైడర్ దానికి లాటిను పేరు పెట్టాడు. పాము అని పేరుపడినందువలన బల్లులను పరిశోధించేవారి దృష్టి చాలాకాలం దానిపై పడలేదు.

ఇతర సరస్సులు

సరస్సుల అధ్యయనం అన్నండేల్‌ను దూరదేశాలకు తీసుకొనిపోయింది. 1912లో పాలస్తీనాలోని గలిలీ సరస్సును, 1915లో జపానులోని బివా సరస్సును, ఆ తరువాత చైనాలోని తాయ్ హూను, సయాము దేశంలోని తాలే సాప్‌ను చూశాడు. 1917లో బర్మాలోని ఇన్లే సరస్సును పరిశోధించి, అక్కడ తప్ప మరెక్కడా లేని చిన్న చేపలను వర్ణించాడు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో మెసొపొటేమియాలో పోరాడిన సిపాయిల ద్వారా నత్తల వలన వ్యాపించే బిల్హార్జియా వ్యాధి భారతదేశానికి వస్తుందేమో అనే భయం కలిగింది. అప్పుడు మన చెరువులలోని నత్తల జాతులను గుర్తించే పని అన్నండేల్ సంస్థపై పడింది. అప్పటివరకు పనికిరానిదిగా కనిపించిన నత్తల పట్టిక ప్రభుత్వానికి అక్కరకు వచ్చిన సందర్భమిది.

జంతు సర్వేక్షణ సంస్థ

మ్యూజియంలోని జంతు శాస్త్ర విభాగాన్ని ప్రత్యేక ప్రభుత్వ శాఖగా మార్చాలని అన్నండేల్ కొన్ని సంవత్సరాలు ప్రభుత్వంతో వాదించాడు. భూగర్భ శాస్త్రానికి, వృక్ష శాస్త్రానికి సర్వే సంస్థలు ఉండగా జంతు శాస్త్రానికి లేకపోవడం ఆయనకు లోపంగా తోచింది. బొగ్గు, కలప వంటి లాభాలు తాబేళ్ళ వలన, నత్తల వలన కనబడవు కనుక ప్రభుత్వాన్ని ఒప్పించడం సులభం కాదు. చివరకు యుద్ధం జరుగుతున్న రోజులలోనే, జూలై 1, 1916న జంతు సర్వేక్షణ సంస్థ ఏర్పడింది. అన్నండేల్ దాని మొదటి సంచాలకుడు అయ్యాడు.

భారతీయ యువకులను శాస్త్రజ్ఞులుగా చేర్చుకొని శిక్షణ ఇవ్వడం ఆయన మేలైన పనులలో ఒకటి. 1919లో లాహోరులో కలిసిన సుందర్ లాల్ హోరా అనే విద్యార్థిని కలకత్తాకు ఆహ్వానించాడు. కొండవాగులలోని చేపలపై పరిశోధనతో పేరు పొందిన హోరా స్వాతంత్ర్యం వచ్చిన 1947లో ఆ సంస్థకు సంచాలకుడయ్యాడు. నత్తలపై పరిశోధించిన బైనీ ప్రసాద్ కూడా అన్నండేల్ వద్ద తయారైనవాడే. సింధునది తాబేళ్ళపై 1914లో వ్యాసం వ్రాసినది ఈ ప్రసాదే.

మహలనోబిస్‌తో పరిచయం

1920లో నాగపూరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసు సమావేశంలో అన్నండేల్ యువ భౌతిక శాస్త్రజ్ఞుడు ప్రశాంత చంద్ర మహలనోబిస్‌ను కలిశాడు. కలకత్తాలోని సుమారు 200 మంది ఆంగ్లో ఇండియన్ పురుషుల శరీర కొలతలు అన్నండేల్ వద్ద ఉన్నాయి, వాటి నుండి ఏమి తేలుతుందో గణితం ద్వారా చెప్పగలవారు లేరు. ఆ పనిని మహలనోబిస్‌కు అప్పగించాడు. దాని ఫలితంగా 1922లో రికార్డ్స్ పత్రికలో వెలువడినది గణాంక శాస్త్రంలో మహలనోబిస్ మొదటి వ్యాసం. జనసమూహాల మధ్య దూరాన్ని కొలిచే మహలనోబిస్ సూత్రానికి, తరువాత భారతీయ గణాంక సంస్థ స్థాపనకు దారితీసిన ఆలోచనలకు బీజం ఇక్కడే పడింది. మనుషులను జాతుల వారీగా కొలిచే ఆనాటి మానవ శాస్త్రపు ఉద్దేశాలను నేటి శాస్త్రం అంగీకరించదు. కాని ఆ కొలతలను విశ్లేషించడానికి పుట్టిన గణితం మాత్రం నిలిచింది. తాబేళ్ళ డిప్పలను, చేపల శరీరాలను పోల్చి జాతులను వేరుచేసేవారు ఈనాడు ఆ సూత్రాన్ని వాడుతున్నారు.

చివరి సంవత్సరాలు, మరణము

1923లో అన్నండేల్ బెంగాల్ ఏషియాటిక్ సొసైటీకి అధ్యక్షుడుగా ఉన్నాడు. 1924 జనవరిలో బెంగుళూరులో జరిగిన భారత సైన్సు కాంగ్రెసుకు అధ్యక్షత వహించాడు. ఆ తరువాత మూడు నెలలకే, ఏప్రిల్ 10న, కలకత్తాలో మరణించాడు. అప్పటికి ఆయన వయసు 47 సంవత్సరాలు. ఈయన జ్ఞాపకార్థం ఏషియాటిక్ సొసైటీ మానవ శాస్త్రంలో కృషి చేసినవారికి అన్నండేల్ పతకాన్ని నెలకొల్పింది. తాబేలుతో పాటు ఒక సముద్రపు పాము, ఒక కప్ప కూడా అన్నండేల్ పేరుతో ఉన్నాయి.

ఆయన తరువాత సేమౌర్ సీవెల్ సంచాలకుడయ్యాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో, కలకత్తాపై జపాను విమానాల దాడి జరుగుతుందనే భయంతో, 1942లో సర్వేక్షణ సంస్థను కాశీలోని కైజర్ కాసిల్ భవనానికి తరలించారు. 1943లో వరుణ నదికి వచ్చిన వరద ఆ భవనంలోకి ప్రవేశించింది. ఎన్నో నమూనాలు, పుస్తకాలు నీటిపాలయ్యాయి, అనేక సీసాల చీటీలు ఊడిపోయాయి. బయటపడిన నమూనాలు యుద్ధానంతరం తిరిగి కలకత్తాకు చేరాయి. సంస్థకు ఇప్పుడు దేశమంతటా ప్రాంతీయ కేంద్రాలు ఉన్నాయి. మంచినీటి జీవుల కొరకు హైదరాబాదులో ఒకటి, ఉప్పుటేరుల జీవుల కొరకు పాత గంజాం జిల్లాలోని గోపాల్‌పూర్‌లో మరొకటి పనిచేస్తున్నాయి.